ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో డిగ్రీ చేస్తే విలువ ఉంటుందా? నా అనుభవం నుంచి

అమ్మా, మీరు అడిగింది ముందు రెండు మాటల్లో రాస్తాను, చదివే మిగతావాళ్ళకి కూడా విషయం తెలుస్తుంది. మీది పలాస దగ్గర పల్లె. ఇంటర్ సీఈసీ పాసై ఆరేళ్ళయింది. ఒక జీడి ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తున్నారు. మీ ఆయన చెన్నైలో పని చేస్తున్నారు, నాలుగేళ్ళ పాప మీ దగ్గరే ఉంది. దూరవిద్యలో డిగ్రీ చేస్తే అది రెగ్యులర్ డిగ్రీతో సమానమేనా, గ్రూప్-2 రాయడానికి పనికొస్తుందా, ఏడాదిలో డిగ్రీ ఇప్పిస్తామని ఒక సెంటరు వాళ్ళు అంటున్నారు నమ్మవచ్చా అని అడిగారు.

చేరండి. డిగ్రీ చెల్లుతుంది, గ్రూప్-2 రాయవచ్చు. ఏడాదిలో ఇప్పిస్తామన్నచోట మాత్రం ఒక్క రూపాయి కట్టకండి. ఇంకో మాట కూడా ఇప్పుడే చెప్పాలి. మీ పరిస్థితిలో ఇది మూడేళ్ళ పని కాదు. నాలుగున్నర, అయిదేళ్ళు పడుతుందని మనసులో అనుకుని మొదలుపెట్టండి. అలా మొదలుపెట్టినవాళ్ళే ఎక్కువమంది చివరిదాకా వచ్చారు.

నేను శ్రీకాకుళంలో ప్రభుత్వ జూనియర్ కాలేజీలో కామర్స్ చెప్పి రిటైరయ్యాను. పద్దెనిమిదేళ్ళపాటు ఆదివారాలు ఒక స్టడీ సెంటర్‌లో కౌన్సిలర్‌గా డిగ్రీవాళ్ళకి క్లాసులు చెప్పాను, అసైన్‌మెంట్లు దిద్దాను. నా ఎం.కాం. కూడా ఉద్యోగం చేస్తూ దూరవిద్యలోనే పూర్తిచేశాను. కింద రాసేదంతా ఆ అనుభవంలోంచి వచ్చిందే.

చెల్లుబాటు సంగతి ముందు చూద్దాం. యూజీసీ, అంటే విశ్వవిద్యాలయాలకి గుర్తింపునిచ్చే కేంద్ర సంస్థ, అనుమతి ఉన్న విశ్వవిద్యాలయం దూరవిద్యలో ఇచ్చే డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ నిబంధనల్లోనే ఉంది. 2022 సెప్టెంబరులో దీన్ని మళ్ళీ స్పష్టంగా ప్రకటించారు కూడా. ఇది నిన్నమొన్న పుట్టిన చదువేం కాదు. ఆంధ్రా యూనివర్సిటీలో 1972 నుంచే కరస్పాండెన్స్ కోర్సులు ఉన్నాయి. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లో మన తెలుగువాళ్ళ కోసమే పెట్టారు. ఇప్పుడు దాన్ని అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ అంటున్నాం. తర్వాత 1985లో ఢిల్లీలో ఇగ్నో, అంటే ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం వచ్చింది. ఈ రెండింటికీ మొదటి వైస్ ఛాన్సలర్ మన ప్రొఫెసర్ జి. రామ్‌రెడ్డి గారే. కాబట్టి "డిస్టెన్సా, అది కూడా ఒక చదువేనా" అని చుట్టాలు ఎవరైనా అంటే మీరు చిన్నబోవాల్సిన పని లేదు.

అయితే అన్ని చదువులూ దూరవిద్యలో చెల్లవు. ఇంజినీరింగ్, మెడిసిన్, నర్సింగ్, ఫార్మసీ, లా లాంటివి ఈ పద్ధతిలో ఇవ్వడానికి వీల్లేదు. కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు కరస్పాండెన్స్‌లో ఇచ్చిన ఇంజినీరింగ్ డిగ్రీల మీద 2017 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఎంతోమంది ఉద్యోగస్తులు ఇబ్బందిపడ్డారు. మీరు చేయాల్సింది బి.కాం. కాబట్టి ఆ భయం మీకు లేదు. బి.కాం. అనే ఎందుకంటున్నానో తర్వాత చెప్తాను.

ఇప్పుడు ఆ ఏడాది డిగ్రీ సెంటరు గురించి. కొన్నేళ్ళ కిందట బొబ్బిలి వైపు నుంచి ఒక కుర్రాడు నా దగ్గరికి వచ్చాడు. ఎలక్ట్రీషియన్. ఎక్కడో వేరే రాష్ట్రంలోని విశ్వవిద్యాలయం పేరు చెప్పి ఒక సెంటరువాళ్ళు అతని దగ్గర నలభై వేలు తీసుకున్నారు. సర్టిఫికెట్లు కొరియర్‌లో వచ్చాయి. ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టుకుని జాగ్రత్తగా తెచ్చాడు. "మాస్టారూ, ఇది అసలుదేనా?" అని అడిగాడు. నేను మార్కుల మెమోలు ఒక్కొక్కటే బయటికి తీసి చూశాను. మొదటి ఏడాది పరీక్ష రాసినట్టు అందులో వేసిన నెలలో నువ్వు ఎక్కడున్నావు అని అడిగాను. కాసేపు ఆలోచించి, "కువైట్‌లో ఉన్నానండి" అన్నాడు. పాస్‌పోర్టు మీద ముద్ర ఉంది, మెమో మీద తేదీ ఉంది, రెండూ ఒకదానికొకటి సరిపడవు. ఒక ఉద్యోగానికి రాతపరీక్ష పాసై, సర్టిఫికెట్ల పరిశీలన దగ్గర ఆగిపోయాడు. డబ్బు వెనక్కి రాలేదు. ఆ రోజు అతని ముఖం నాకింకా గుర్తుంది. పని చేయగలడు, తెలివున్నవాడు. మూడేళ్ళు మామూలుగా చదివి ఉంటే ఆ ఉద్యోగం వచ్చేది.

కాబట్టి చేరేముందు ఇవి చూసుకోండి.

యూజీసీ దూరవిద్య విభాగం వెబ్‌సైట్‌లో ఏ విశ్వవిద్యాలయానికి, ఏ కోర్సుకి, ఏ సంవత్సరానికి అనుమతి ఉందో జాబితా ఉంటుంది. విశ్వవిద్యాలయం పేరు ఉంటే చాలదు, మీరు చేరే కోర్సు, మీరు చేరే సెషన్ కూడా అందులో ఉండాలి.

డెబ్ ఐడీ, అంటే యూజీసీ దూరవిద్య విభాగం (డీఈబీ) ఇచ్చే విద్యార్థి నంబరు, మీరే చేసుకోండి. దూరవిద్యలో చేరేవాళ్ళందరికీ ఇప్పుడు ఇది తప్పనిసరి. దానికి ముందు ఏబీసీ ఐడీ కావాలి, అది మీ చదువు క్రెడిట్లు జమయ్యే ఖాతా నంబరు. మీ ఫోన్ నంబరు, మీ ఆధార్ వివరాలతో మీరే చేసుకోవచ్చు. "అవన్నీ మేం చూసుకుంటాం, ఓటీపీ చెప్పండి చాలు" అనే మనిషికి ఓటీపీ చెప్పకండి.

ఫీజు నేరుగా విశ్వవిద్యాలయం పోర్టల్‌లోనే కట్టండి. దూరవిద్య కేంద్రాలను ఫ్రాంచైజీలుగా ఇవ్వకూడదని నిబంధన. అసలు స్టడీ సెంటరు ఒక కాలేజీలో ఉంటుంది. సెల్‌ఫోన్ల షాపు మేడ మీద గదిలో ఉండదు. రాష్ట్ర విశ్వవిద్యాలయాలు తమ పరిధి దాటి బయట దూరవిద్య నడపకూడదు. "ఒన్ సిట్టింగ్" (అన్ని ఏళ్ళ పరీక్షలూ ఒకేసారి), "బ్యాక్ డేట్" (పాత తేదీ వేసిన సర్టిఫికెట్లు) అనే మాటలు వినపడితే అక్కడినుంచి లేచి వచ్చేయండి.

ఇక నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది ఇప్పుడు చెప్తాను. పద్దెనిమిదేళ్ళలో నా దగ్గరికి వచ్చిన ప్రతివాళ్ళూ మొదట అడిగేది డిగ్రీ చెల్లుతుందా అనే. పూర్తిచేయగలనా అని అడిగినవాళ్ళు బహుశా పదిమంది కూడా లేరు. చెల్లని డిగ్రీతో నష్టపోయినవాళ్ళని నేను కొద్దిమందినే చూశాను. మంచి విశ్వవిద్యాలయంలో చేరి, ఫీజు కట్టి, మధ్యలో వదిలేసినవాళ్ళు మాత్రం లెక్కకు అందనంతమంది.

టెక్కలి దగ్గర ఒక ఊరికి పెళ్ళికి వెళ్ళినప్పుడు అక్కడ నా పాత విద్యార్థి ఇల్లు ఉందని తెలిసి వెళ్ళాను. ఇంటర్‌లో మంచి మార్కులు వచ్చిన కుర్రాడు. మొదటి ఏడాది రెండు ఆదివారాలు వచ్చి తర్వాత కనపడలేదు. నట్టింట్లో బియ్యం డబ్బా మీద విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పుస్తకాల పార్శిల్ ఉంది. దానికి చుట్టిన ప్లాస్టిక్ పట్టీ కూడా తెంపలేదు. పైన దుమ్ము, దాని మీద వాళ్ళమ్మగారు పెట్టిన చేట. నన్ను చూసి అతను సిగ్గుపడ్డాడు. "ఎక్కడ మొదలెట్టాలో తెలీక అలా ఉండిపోనాను మాస్టారూ" అన్నాడు. అతను సోమరి కాదు, పొద్దున్నుంచి రాత్రిదాకా ట్రాక్టరు తోలేవాడు. రెండు ఆదివారాలు రాకపోయినప్పుడే నేనొక ఫోన్ చేసి ఉండాల్సింది. చేయలేదు. అది నా తప్పే. ఆ తర్వాత సెంటర్‌కి రాని ప్రతివాళ్ళకీ నెలకోసారైనా ఫోన్ చేయడం అలవాటు చేసుకున్నాను.

రెగ్యులర్ కాలేజీలో గంట కొడతారు, హాజరు వేస్తారు, పక్క బెంచీవాడు రికార్డు రాస్తుంటే చూసి మనమూ రాస్తాం. చదువులో సగం ఆ కట్టుబాటే నడిపిస్తుంది. దూరవిద్యలో పుస్తకం ఇస్తారు, పరీక్ష పెడతారు, ఆ మధ్యనున్న కట్టుబాటు మాత్రం మనమే ఏర్పరచుకోవాలి. దూరవిద్యలో నేను చూసిన అసలు లోటు ఇదే. మిగతావన్నీ దీని తర్వాతే.

గంటల లెక్క ఒకసారి చూడండి. ఇగ్నోలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. పుస్తకం చదవడం, అసైన్‌మెంట్ రాయడం, క్లాసుకి రావడం అన్నీ కలిపి. మూడేళ్ళ డిగ్రీకి సుమారు 120 క్రెడిట్లు, అంటే 3,600 గంటలు. మీకు రోజుకి రెండు గంటలు దొరుకుతాయనుకుందాం. పాప పడుకున్నాక గంటన్నర, పొద్దున్నే అరగంట. ఏడాదికి 730 గంటలు. 3,600 గంటలకి దాదాపు అయిదేళ్ళు. మూడేళ్ళ డిగ్రీ పూర్తిచేయడానికి ఇగ్నో ఆరేళ్ళ గడువు ఇస్తుంది. ఆ గడువు ఇచ్చింది మీలాంటి వాళ్ళ కోసమే. దాన్ని వాడుకోవడం వెనకబడటమేమీ కాదు.

మీకు బి.కాం. అనడానికి కారణం ఇదే. డెబిట్, క్రెడిట్, స్టాకు రిజిస్టరు, జీఎస్టీ బిల్లు మీరు రోజూ చేత్తో రాసేవే. రెగ్యులర్‌లో చదివే పిల్లలకి ఊహించుకోవాల్సినవి మీకు కళ్ళముందు ఉంటాయి. పచ్చి జీడిపిక్కలు కొన్నప్పటినుంచి పప్పు గ్రేడు కట్టి అమ్మేదాకా ఖర్చు ఎలా పెరుగుతుందో మీకు తెలుసు. కాస్ట్ అకౌంటింగ్ పేపర్లో అడిగేది అదే. ఈ సబ్జెక్టుల్లో మీకు గంటలు కలిసొస్తాయి. ఇంగ్లీషు పేపరు దగ్గర మాత్రం ఎక్కువ పడతాయి.

ఇంగ్లీషు అన్నాను కాబట్టి మీడియం సంగతి. ఇగ్నో పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లీషు, హిందీలోనే ఉంటాయి. తెలుగులో రాయాలనుకుంటే మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల దూరవిద్య విభాగాల్లో ఏ కోర్సుకి ఈ ఏడాది అనుమతి ఉందో చూసి చేరండి. మీరు ఇంటర్ ఏ మీడియంలో చదివారో రాయలేదు. తెలుగు మీడియమైతే మొదటి ఏడాదే ఇంగ్లీషుతో కుస్తీ పట్టడంవల్ల చాలామంది జారిపోయారని గుర్తుపెట్టుకోండి. అలాగని ఇంగ్లీషు మీడియం వద్దనను. పేరా చదివి, మూసి, అందులో ఏముందో పక్కింటి ఆవిడకి చెప్పినట్టు తెలుగులో పైకి చెప్పుకుంటే విషయం ఎక్కుతుంది. ఆ తర్వాత ఇంగ్లీషులో రాయడం కష్టమనిపించదు.

పూర్తిచేసినవాళ్ళు ఎలా చేశారో ఒక ఉదాహరణ చెప్తాను. నెల్లిమర్లలో జూట్ మిల్లులో పనిచేసే ఇద్దరు ఒకే ఏడు చేరారు. వారానికో షిఫ్టు మారేది. ఒకరికి చదవడం బాగా వచ్చు, రాయడం బద్ధకం. రెండో అతనికి అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి, చదివింది గుర్తుండదు. షిఫ్టు దిగాక టీ కొట్టు బల్ల మీద కూర్చుని ఒకరు పైకి చదివేవారు, రెండో ఆయన నోట్సు రాసేవారు. షిఫ్టులు కలవని వారంలో ఆ నోట్సు టీ కొట్టులోనే వదిలివెళ్ళేవారు, రెండో ఆయన వచ్చి తీసుకునేవారు. మిల్లు మూతపడిన నెలల్లో కూడా ఆపలేదు. ఇద్దరూ నాలుగేళ్ళలో బి.ఏ. పూర్తిచేశారు. అంత తెలివైనవాళ్ళు నా క్లాసులో ఇంకా ఉన్నారు, కానీ ఒక్కొక్కరుగా ఉన్నారు. మీ పలాస, కాశీబుగ్గ చుట్టుపక్కల ఇదే కోర్సులో చేరినవాళ్ళు ఒక్కరైనా దొరుకుతారేమో చూడండి. స్టడీ సెంటర్‌లో మొదటి రోజు అడగాల్సిన ప్రశ్న ఇదే.

పాప ఉందని వెనకాడకండి. ఒకావిడ సరుబుజ్జిలి నుంచి వచ్చేది. మొదటి ఆదివారం గుమ్మం దగ్గరే నిలబడి "గుంటని ఎక్కడ వదిలీసి రానండి మాస్టారూ" అంది. లోపలికి రమ్మన్నాను. ఆ పిల్ల ఆఖరి బెంచీలో కూర్చుని వాళ్ళమ్మ చిత్తుకాగితాల వెనక చేపలు, ఇళ్ళు గీసేది. ఒకసారి నేను దిద్దుతున్న అసైన్‌మెంట్ ఆఖరి పేజీ వెనక కూడా ఒక చేప కనిపించింది. మార్కులేమీ తగ్గించలేదు. ఆ తల్లికి డిగ్రీ వచ్చేనాటికి పిల్ల రెండో తరగతిలో ఉంది. సెంటర్లో ఎవరైనా పిల్లల్ని తేవద్దంటే కోఆర్డినేటర్‌ని కలిసి మాట్లాడండి. థియరీ సబ్జెక్టులకి ఆదివారం క్లాసులు సాధారణంగా తప్పనిసరి కావు. అయినా నెలకి ఒక్కసారైనా రండి. పుస్తకంలో అర్థంకానిది పది నిమిషాల్లో తేలిపోతుంది, మీరొక్కరే కాదన్న ధైర్యం కూడా వస్తుంది.

పరీక్షల దగ్గర జాగ్రత్త. ఇగ్నోలో అసైన్‌మెంట్లకి 30 శాతం, పరీక్షకి 70 శాతం లెక్క. అసైన్‌మెంట్లు చేత్తో రాయాలి, గడువులోగా ఇవ్వాలి, ఇచ్చినట్టు రసీదు తీసుకుని దాచుకోవాలి. పరీక్ష ఫారం విడిగా నింపాలి, దానికి ఫీజు కూడా విడిగా కట్టాలి. చేరేటప్పుడు కట్టిన ఫీజులోనే పరీక్ష ఫీజు కూడా ఉందనుకుని, హాల్ టికెట్ లేకుండా పరీక్ష రోజు గేటు దగ్గర నిలబడి ఏడ్చినవాళ్ళని చూశాను. పరీక్షలు జూన్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి ఉంటాయి. మీరు డిసెంబరుకి ఎక్కువ పేపర్లు పెట్టుకోండి. ఏప్రిల్, మే నెలల్లో మీ ఫ్యాక్టరీకి పిక్కలు వచ్చే సీజను. అప్పుడు లెక్కలు రాసేవాళ్ళకి ఊపిరి తీసుకునే తీరిక ఉండదని మీకు నేను చెప్పక్కర్లేదు. జూన్‌కి ఒకటో రెండో, డిసెంబరుకి నాలుగో అయిదో. సెలవు సంగతి యజమానికి నెల ముందే చెప్పండి. పరీక్ష కేంద్రం శ్రీకాకుళంలో పడితే, రైలు ఆమదాలవలసలోనే దింపుతుంది, అక్కడినుంచి ఊళ్ళోకి మళ్ళీ ఆటోనో బస్సో ఎక్కాలి. ఆ సమయం కూడా లెక్కలో వేసుకుని బయల్దేరండి.

పుస్తకాలు అచ్చువే తీసుకోండి. ఫోన్లో చదువుకుంటామంటే ఫీజు కొంత తగ్గిస్తారు. కానీ ఫోన్ పాప చేతికి వెళ్తుంది, మీ ఆయన ఫోన్ వస్తుంది, ఆఫీసు మెసేజ్ వస్తుంది. కాగితం మీద పెన్సిల్‌తో గీత గీసుకుంటూ చదివిందే పరీక్షనాడు కళ్ళముందు కనిపిస్తుంది.

నష్టాలు కూడా దాచను. రెగ్యులర్ పిల్లలకి వచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ దూరవిద్యకి రాదు. క్యాంపస్ ఉద్యోగాలు ఉండవు. పదిమందిలో లేచి మాట్లాడటం, సెమినార్ ఇవ్వడం, లెక్చరర్‌తో వాదించడం ఇవన్నీ రెగ్యులర్‌లో వచ్చినట్టు ఇక్కడ రావు. విశాఖలో కొన్ని ప్రైవేటు కంపెనీలు రెగ్యులర్‌వాళ్ళకే ముందు పిలుపు ఇస్తాయి. అక్కడ నిబంధన మీ వైపున్నా ఇంటర్వ్యూ చేసేవాళ్ళ మనసు మార్చడం మీ చేతిలో ఉండదు. మీ అకౌంట్స్ అనుభవం మాత్రం అప్పుడు మీకు అండగా నిలుస్తుంది. మార్కులు పడటం ఆలస్యం కావచ్చు, పుస్తకాలు ఆలస్యంగా రావచ్చు, దానికి సిద్ధంగా ఉండండి.

ఇది చదివే తల్లిదండ్రులకి ఒక మాట. బస్సు ఖర్చులు మిగులుతాయని, ఆడపిల్ల ఇంటిపట్టున ఉంటుందని పదిహేడేళ్ళ పిల్లని దూరవిద్యలో కట్టించేవాళ్ళున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ వయసులో కాలేజీకి వెళ్ళే వీలుంటే కాలేజీకే పంపండి. పిల్ల అక్కడ నేర్చుకునేది పుస్తకాల్లో ఉన్నదొక్కటే కాదు. దూరవిద్య ఉన్నది వీలు లేనివాళ్ళ కోసం. మీలాంటి ఉద్యోగస్తుల కోసం, పిల్లల తల్లుల కోసం, గుజరాత్ రేవుల్లో ఆరునెలలుండి వచ్చే మన మత్స్యకారుల పిల్లల కోసం.

ఇంటర్ లేనివాళ్ళు నేరుగా డిగ్రీలో చేరవచ్చా అని కింద ఒకరు అడిగారు. నా సలహా, ముందు ఓపెన్ స్కూల్‌లో ఇంటర్ పూర్తిచేయండి. ఇంటర్ లేని డిగ్రీ కొన్ని ఉద్యోగాల దగ్గర, ప్రమోషన్ల దగ్గర అడ్డు తగులుతుంది. ఏడాదో రెండేళ్ళో ఆలస్యమైనా ఆ మెట్టు దాటవేయకండి.

గ్రూప్-2 సంగతి ఆఖరున. డిగ్రీ చేతికొచ్చాక మీరు ఆ పరీక్షకి అర్హులే. కానీ డిగ్రీ మొదటి రెండేళ్ళూ కోచింగ్ జోలికి వెళ్ళకండి. ఉన్న రెండు గంటల్ని రెండుగా కోస్తే రెండూ పోతాయి. రోజూ పేపరు చదవడం మాత్రం ఇప్పటినుంచే మొదలుపెట్టండి, అది రెండింటికీ ఉపయోగం.

ఇగ్నోలో చేరికలు ఏడాదికి రెండుసార్లు ఉంటాయి, జనవరి సెషన్‌కి, జులై సెషన్‌కి. విశాఖపట్నంలో ప్రాంతీయ కేంద్రం ఉంది. ఈ వారంలో ఏబీసీ ఐడీ, డెబ్ ఐడీ చేసుకోండి. ఇంటర్ మెమో, టెన్త్ మెమో, ఆధార్‌లో మీ పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉందో లేదో చూసుకోండి. పెళ్ళయ్యాక ఆధార్‌లో ఇంటిపేరు మార్చుకుని ఉంటే ముందు దాన్ని సరిచేసుకోవాలి, దానికే ఎక్కువ రోజులు పడుతుంది. ఇంటర్ ఏ మీడియంలో చదివారో ఇక్కడ రాయండి, మొదటి ఏడాది పేపర్లలో ఏవి జూన్‌కి, ఏవి డిసెంబరుకి పెట్టుకోవాలో చూసి చెప్తాను.